పాత డయాస్టారా, కొత్త డయాస్టారా: గల్ఫ్ గడియారంలో వయసు దాగే చోట్లు

1970ల్లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్న నాటి నుంచి, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల ఊళ్ల నుంచి కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ, బహ్రెయిన్‌లకు వెళ్తూనే ఉన్నారు. సాగునీటి కొరత, గిట్టుబాటు కాని మగ్గం కూలి, పెరిగిన అప్పులు కలిసి నడిపించిన ఈ వలస ఇక్కడి ఇళ్ల కట్టుబడిని, పెళ్లి ఖర్చులను, పిల్లల చదువులను మార్చినట్టే మణికట్టు మీది సొగసును కూడా మార్చింది. సెలవు మీద వచ్చినవారి పెట్టెలో బంగారంతో పాటు, టేప్ రికార్డరుతో పాటు, అత్తరు సీసాలతో పాటు చేతి గడియారం ఉండేది. బంధువులకు పంచడానికి జపాను వారి సీకో, సిటిజెన్ గడియారాలు తెస్తే, కొన్నేళ్ల కష్టం ఫలించినవారు తమ కోసమో కాబోయే అల్లుడి కోసమో కోరి కొన్నది తరచుగా స్విట్జర్లాండులో తయారైన రాడో.

ఈ దారి ఏర్పడటానికి దేశంలోని అప్పటి పరిస్థితి కూడా కారణం. హెచ్ఎంటీ 1961లో జపాను సిటిజెన్ సంస్థ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టి జనతా, పైలట్, కోహినూర్ వంటి వాటిని సామాన్యుల చేతికి అందించింది. సీకో సాంకేతిక సహకారంతో 1981లో హైదరాబాద్ ఆల్విన్ కూడా ఆ రంగంలోకి దిగింది. ఇవి నమ్మకమైన గడియారాలే అయినా విలాస శ్రేణివి కావు. విదేశీ గడియారాల దిగుమతికి లైసెన్సులు, సుంకాలు అడ్డుగోడలై నిలవడంతో అవి ఎక్కువగా ప్రయాణికుల సామానులోనే ఊరు చేరేవి. అలా వచ్చిన గడియారాలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వయసుతో బీరువా లాకర్లలో ఉన్నాయి. వాటి యజమానుల తరువాతి తరం ఒక మంచి గడియారం కట్టుకోవాలనుకున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఏమిటంటే, ఉన్న పాతదాన్ని బాగు చేయించుకోవాలా, అదే కాలపు మరొక పాత గడియారాన్ని బజారులో వెతకాలా, లేక దుకాణంలోని కొత్తదాన్నే కొనుక్కోవాలా అన్నది. దీన్ని అభిరుచికి వదిలేయడం సులభమే గాని, గడియారంలోని ఏ పదార్థం ఎంత కాలానికి ఎలా చెడుతుందో తెలిస్తే జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

రాడో పేరు ఇక్కడ నిలబెట్టిన గడియారం డయాస్టార్. స్విట్జర్లాండులోని లెంగ్నావ్ పట్టణంలో 1917లో మొదలైన ష్లుప్ సంస్థ 1950ల్లో రాడో పేరుతో గడియారాలు అమ్మడం ఆరంభించి, 1962లో గీతలు పడని గడియారంగా డయాస్టార్‌ను విడుదల చేసింది. దాని పైకప్పును ఉక్కుతో కాక హార్డ్ మెటల్ అనే పదార్థంతో చేశారు. టంగ్‌స్టన్ లోహాన్ని కర్బనంతో కలిపినప్పుడు ఏర్పడే టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని, బంధకంగా పనిచేసే మరొక లోహంతో కలిపి, అచ్చులో ఒత్తి, అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చి ముద్దగా చేస్తే ఈ పదార్థం వస్తుంది. రాతిని తొలిచే డ్రిల్లు మొనలకు వాడేది కూడా ఈ కోవలోని పదార్థమే. పదార్థాల గట్టిదనాన్ని కొలిచే వికర్స్ కొలమానంలో గడియారాల ఉక్కు సుమారు 200 దగ్గర ఉంటే, హార్డ్ మెటల్ 1,200కు పైన ఉంటుంది. దాని మీద బిగించిన అద్దం కృత్రిమ నీలం రాయి, అంటే ప్రయోగశాలలో పెంచిన అల్యూమినియం ఆక్సైడు స్ఫటికం. ఖనిజాల గట్టిదనానికి వాడే మోస్ కొలమానంలో వజ్రం 10 అయితే ఇది 9.

ఈ అంకెలకు ఈ ప్రాంతంలో ప్రత్యేకమైన అర్థం ఉంది. టాన్ బ్రౌన్ పేరుతో విదేశాలకు ఎగుమతి అయ్యే గ్రానైటు ఉమ్మడి కరీంనగర్ జిల్లా క్వారీల నుంచి వస్తుంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ మోస్ కొలమానంలో 7 కాబట్టి, క్వారీ దుమ్ములోనూ రోడ్డు దుమ్ములోనూ ఉండే క్వార్ట్జ్ రేణువులు మామూలు గాజు మీద, ఉక్కు మీద గీతలు పెట్టగలవు, నీలం రాయి మీద మాత్రం పెట్టలేవు. ఇసుక, సిమెంటు మధ్య పనిచేసే మనిషి చేతికి కట్టిన హెచ్ఎంటీ అద్దం ఏడాది తిరిగేసరికి మసకబారుతుంటే, పక్కవాడి డయాస్టార్ దుకాణంలో ఉన్నప్పటిలాగే మెరుస్తూ ఉండటానికి కారణం ఇదే. అయితే గట్టిదనం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. హార్డ్ మెటల్ అరగదు, కాని బండ మీద పడితే అంచు పెచ్చు ఊడవచ్చు. ఊడిన పెచ్చును మామూలు ఉక్కు గడియారానికి చేసినట్టు నునుపు పట్టి సరిచేయడం స్థానిక దుకాణంలో సాధ్యపడదు.

పాత గడియారం కొనేవారు గమనించవలసిన అసలు సంగతి ఇక్కడే ఉంది. ఉక్కు గడియారం తన వయసును ఒంటి మీద చూపుతుంది. అంచులు మొద్దుబారతాయి, వెనుక మూత మీది అక్షరాలు అరుగుతాయి, అద్దం మసకబారుతుంది, వాటిని చూసి లోపలి యంత్రం ఎంత పని చేసిందో కొంత ఊహించవచ్చు. డయాస్టార్ కప్పు మీద ఆ సాక్ష్యం ఉండదు. ముప్పై ఏళ్లు ఎడతెరిపి లేకుండా తిరిగి, ఒక్కసారి కూడా విప్పి శుభ్రం చేయని యంత్రం మీద కూడా కప్పు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. అందుకే పాత డయాస్టార్‌ను పైమెరుపు చూసి కొనడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతి. కప్పు సంగతి పక్కన పెట్టి, గొలుసు లింకుల సందుల్లోని అరుగుదలను, వెనుక ఉక్కు మూతను, అన్నిటికన్నా ముఖ్యంగా మూత తీసిన తరువాత కనబడే యంత్రాన్ని చూడాలి.

సెల్లు లేని గడియారంలో శక్తినిచ్చేది మెయిన్ స్ప్రింగు, అంటే ఒక డబ్బీలో చుట్టిన పొడవాటి ఉక్కు పట్టీ. కీ ఇచ్చినప్పుడో, ఆటోమేటిక్ అయితే చేయి కదిలినప్పుడు లోపలి బరువు తిరగడం వల్లనో అది బిగుసుకుంటుంది. ఆ బిగువు పళ్ల చక్రాల వరుస గుండా చివరి చక్రానికి చేరుతుంది. అది ఒక్కసారిగా తిరిగిపోకుండా ఒక్కొక్క పన్ను చొప్పున మాత్రమే వదిలే ఏర్పాటును ఎస్కేప్‌మెంట్ అంటారు. ఎప్పుడు వదలాలో చెప్పేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగు దాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊపుతూ ఉంటుంది. చక్రానికి ఇలా చుట్ట స్ప్రింగు తగిలించి నమ్మదగిన గడియారం చేయవచ్చని 1675లో హైగెన్స్ చూపిన పద్ధతే మూడున్నర శతాబ్దాల తరువాత కూడా కొనసాగుతోంది. బ్యాలెన్స్ చక్రం ఒక వైపుకు ఊగడాన్ని ఒక టిక్కుగా లెక్కిస్తే, చాలా గడియారాల్లో గంటకు 21,600 టిక్కులు, అంటే సెకనుకు ఆరు. రోజుకు 5,18,400, ఏడాదికి దాదాపు 19 కోట్లు. ఇన్ని కోట్ల ఊపుల భారాన్ని మోసే ఇరుసు మొన మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు మాత్రమే. రోజుకు పది సెకన్లు తేడా చూపే యంత్రం కూడా 99.98 శాతానికి మించిన ఖచ్చితత్వంతో పనిచేస్తున్నట్టే లెక్క కాబట్టి, ఇంత చిన్న యంత్రం నుంచి ఇంతకన్నా ఎక్కువ ఆశించే ముందు దాని పనిని తలచుకోవడం న్యాయం.

ఆ ఇరుసు మొనలు తిరిగేది కృత్రిమ కెంపు రాళ్ల గుంతల్లో. డయల్ మీద పదిహేడు, ఇరవై ఐదు జువెల్స్ అని రాసి ఉండేది ఈ రాళ్ల సంఖ్యే. వాటికి ఆభరణపు విలువ లేదు, ఘర్షణను తగ్గించడమే వాటి పని. ఆ గుంతల్లో నిలిచే నూనె చుక్క కంటికి సరిగా ఆనదు. గడియారంలో అన్నిటికన్నా ముందుగా ముసలిదయ్యేది ఆ చుక్కే. ఒకప్పుడు జంతు కొవ్వుల నుంచి తీసిన నూనెలు కొన్నేళ్లకే జిగురుగా మారేవి. 20వ శతాబ్దపు రెండో భాగంలో స్థిరపడిన కృత్రిమ నూనెలు ఎక్కువ కాలం నిలుస్తాయి గాని, అవి కూడా కొంత ఆవిరై, కొంత పక్కకు పాకి, మిగిలినది చిక్కబడి, లోహపు సన్నని రజనుతో కలిసి సానపిండిలా మారుతుంది. అలాంటి గడియారం ఆగకపోవడమే దానికి కీడు చేస్తుంది, ఎందుకంటే తిరుగుతున్న ప్రతి గంటా ఇరుసు మొన అరుగుతూనే ఉంటుంది. దశాబ్దాలు బీరువాలో పడుకున్న గడియారాన్ని బయటికి తీసి, నడుస్తోందని సంతోషించి, అలాగే రోజూ కట్టుకోవడం ఎంత మాత్రం మంచిది కాదు; ముందు విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించాలి.

రాడో డయల్ మీద పన్నెండు అంకె దిగువన ఎర్రని మచ్చ మీద వేలాడే చిన్న లంగరు గురించి ఇక్కడ చెప్పుకోవాలి. గడియారాన్ని పక్కకు వంచితే ఆ లంగరు తన బరువుతో తాను తిరిగి కిందికి చూస్తుంది. లోపలి యంత్రంలో వేసినట్టే ఈ లంగరు ఇరుసుకు కూడా నూనె వేస్తారు కాబట్టి, అది స్వేచ్ఛగా తిరగడం మానితే లోపలి నూనె కూడా పాతబడి ఉంటుందని, సర్వీసింగ్ చేయించవలసిన సమయం వచ్చిందని సంస్థ వివరించింది. ఆలోచన చక్కనిది, నూనె వయసు గురించి కొనుగోలుదారుకు అద్దం పైనుంచే కనిపించే ఒకే ఒక గుర్తు ఇది. కాని లంగరుకు, యంత్రానికి మధ్య నేరుగా సంబంధం లేదు. అమ్మకానికి ముందు డయల్ తీసి లంగరును మాత్రం శుభ్రం చేసినా అది చక్కగా తిరుగుతుంది. బిగుసుకున్న లంగరు కచ్చితంగా హెచ్చరికే, తిరిగే లంగరు మాత్రం హామీ కాదు.

హెయిర్ స్ప్రింగు కథ శాస్త్రానికి మరింత దగ్గరిది. మామూలు ఉక్కు వేడికి కొద్దిగా మెత్తబడి సాగే గుణం మారుతుంది. ఉక్కు స్ప్రింగు, ఇత్తడి చక్రం ఉన్న గడియారం ప్రతి సెల్సియస్ డిగ్రీ పెరుగుదలకు రోజుకు సుమారు 11 సెకన్లు వెనుకబడుతుంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు మారితే రోజుకు మూడున్నర నిమిషాలకు పైగా తేడా వచ్చేస్తుంది. ఈ చిక్కును విడదీసినవాడు స్విట్జర్లాండులో పుట్టి ఫ్రాన్సులోని అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థలో పనిచేసిన షార్ల్ ఎద్వార్ గియోమ్. నికెలు, ఇనుము పాళ్లను మార్చి చూస్తూ వేడికి దాదాపు వ్యాకోచించని ఇన్వార్ అనే మిశ్రలోహాన్ని, తరువాత సాగే గుణం వేడికి దాదాపు మారని ఎలిన్వార్‌ను ఆయన కనుగొన్నాడు. 1920లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు ఈ మిశ్రలోహాల పరిశోధనకే లభించింది. ఆ దారిలోనే 1930ల్లో నివరాక్స్ అనే స్ప్రింగు లోహం వచ్చి క్రమంగా స్విస్ గడియారాల్లో స్థిరపడింది. కాబట్టి 1970ల నాటి డయాస్టార్‌కు ఎండ వల్ల సమయం తప్పుతుందన్న భయం లేదు.

అయినా పరీక్షల్లోని ఉష్ణోగ్రతలకు, ఇక్కడి వేసవికి మధ్య దూరం తెలిసి ఉండటం మంచిది. క్రోనోమీటర్ అన్న బిరుదు ఇవ్వడానికి స్విట్జర్లాండులోని కాస్క్ అనే సంస్థ యంత్రాలను పదిహేను రోజుల పాటు ఐదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వద్ద పరీక్షించి, సగటు తేడా రోజుకు వెనుకకు 4 సెకన్లు, ముందుకు 6 సెకన్లు దాటకూడదని చూస్తుంది. జగిత్యాల జిల్లాలో మే నెల మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. చేతికి ఉన్నంతసేపు గడియారం ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి చిక్కు తక్కువ. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలితే మాత్రం నూనె పలచబడి ఉండవలసిన చోటు వదిలి పాకుతుంది, ఒకసారి పాకిన నూనె చల్లబడినా తిరిగి రాదు. ఈ విషయంలో పాత గడియారానికీ కొత్త గడియారానికీ పెద్ద తేడా లేదు.

అయస్కాంతం దగ్గర మాత్రం పాత, కొత్తల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నివరాక్స్‌లో ఇనుము ఉండటం వల్ల బలమైన అయస్కాంతం దగ్గరికి వెళితే స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని, దాని పని చేసే పొడవు తగ్గి, గడియారం రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తుతుంది. 1975లో ఇలాంటి అయస్కాంతాలు ఇంట్లో అరుదు; ఇప్పుడు ఫోను కవరులో, స్పీకరులో, ల్యాప్‌టాప్ మూతలో, హ్యాండ్‌బ్యాగు బొత్తాంలో ఉన్నాయి. పాత గడియారం తయారైన నాటి ప్రపంచం వేరు, ఇప్పుడు అది బతకవలసిన ప్రపంచం వేరు. కొత్త గడియారాల్లో దీనికి రెండు రకాల పరిష్కారాలు వచ్చాయి. ఒకటి, అయస్కాంతం అసలే అంటని సిలికాన్‌తో భాగాలు చేయడం. 2000 తరువాతి తొలి దశాబ్దంలో పెద్ద సంస్థలు దీన్ని మొదలుపెట్టాయి. రెండోది, అయస్కాంతం ప్రభావాన్ని చాలావరకు తగ్గించే టైటానియం ఆధారిత నివాక్రాన్ స్ప్రింగు. రాడో చెందిన స్వాచ్ గ్రూపు 2018లో దీన్ని ప్రకటించింది. పాత గడియారానికి పట్టిన అయస్కాంతాన్ని చిన్న పరికరంతో మెకానిక్ నిమిషంలో వదిలిస్తాడు గనుక ఇది ప్రాణాంతకమైన లోపమేమీ కాదు, కాని ఫోనుతో రోజంతా గడిపేవారికి పదే పదే ఎదురయ్యే చిక్కు. అసలు హార్డ్ మెటల్‌లో బంధకంగా ఉండే కోబాల్టు వల్ల అది అయస్కాంతానికి కొద్దిగా అతుకుతుందని, అందువల్ల నకిలీని అయస్కాంతంతో గుర్తించవచ్చని కొందరు చెబుతారు. ఆ మాట నిజమైనా కాకపోయినా, స్ప్రింగుకు జరిగే హాని దృష్ట్యా ఆ పరీక్ష ఎవరూ చేయకూడనిది.

2022లో డయాస్టార్‌కు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా రాడో కొత్త రూపంలో తెచ్చిన డయాస్టార్ ఒరిజినల్ ఈ పోలికకు సరిగ్గా సరిపోతుంది. దీని పైభాగం సిరామోస్ అనే పదార్థం, అంటే అధిక భాగం సిరామిక్, కొద్ది భాగం లోహ మిశ్రమం. గట్టిదనంలో హార్డ్ మెటల్ కోవకే చెందుతూ దానికన్నా తేలికగా ఉంటుంది. లోపలి యంత్రంలో నివాక్రాన్ స్ప్రింగు ఉంది, పూర్తిగా కీ ఇచ్చిన తరువాత 80 గంటలు నడుస్తుంది. పాత యంత్రాలు చాలావరకు రెండు రోజులు కూడా నిలవవు. శుక్రవారం రాత్రి తీసి పెట్టిన గడియారం సోమవారం ఉదయం ఇంకా నడుస్తూ ఉండటం వెనుక ఉన్నది మాయ కాదు, గంటకు 28,800 టిక్కులు కొట్టే పాత నమూనాను 21,600కు తగ్గించి, మెయిన్ స్ప్రింగు డబ్బీ మధ్యలోని ఇరుసును సన్నం చేసి, ఆ ఖాళీలో మరింత పొడవు పట్టీని చుట్టిన లెక్క. తక్కువ టిక్కుల వల్ల శక్తి ఖర్చు తగ్గుతుంది గాని, కదిలే చేతి మీద చిన్న చిన్న కుదుపులను తట్టుకునే గుణం కొంత తగ్గుతుంది. ఇంజనీరింగ్‌లో ఒక లాభం సాధారణంగా మరొక చోటి నుంచే వస్తుంది.

కొత్తదానికి ఉన్న అసలు బలహీనత దాన్ని బాగు చేయగలవారి విషయంలో ఉంది. పాత స్విస్ యంత్రాలను ఈటా, ఎ. షిల్డ్ వంటి కొద్ది కర్మాగారాలు లక్షల సంఖ్యలో చేసి పదుల కొద్దీ బ్రాండ్లకు అమ్మాయి. అందువల్ల ఒక పాత రాడోకు కావలసిన చక్రం మరొక బ్రాండు గడియారంలో దొరుకుతుంది, అసలే దొరకని ఇరుసును లేత్ మీద చెక్కగల పనివారు ఇప్పటికీ ఉన్నారు. కొత్త యంత్రాల్లో కొన్నిటిని కర్మాగారంలోనే లేజరుతో సరిదిద్ది పంపుతారు, చాలా సంస్థలు విడిభాగాలను తమ అధీకృత కేంద్రాలకు తప్ప బయటివారికి ఇవ్వవు. కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఉన్న వాచ్ మెకానిక్ పాత డయాస్టార్‌ను విప్పి, కడిగి, నూనె వేసి, తేడాను సరిచేయగలడు. కొత్తదానికి హైదరాబాదు పంపక తప్పదు. ఈ పనివారి సంఖ్య తగ్గిపోతున్నందున, పాత గడియారం కొనే ముందు దాన్ని చూసే మనిషి దగ్గరలో ఉన్నాడా అని విచారించడం ధర బేరమాడటం కన్నా ముఖ్యం.

చీకట్లో వెలిగే ముళ్ల సంగతి వేరే రకం. 1960ల ముందరి గడియారాల్లో నిజమైన రేడియం వాడేవారు. దాని నుంచి వెలువడే కిరణాలు తాకి జింక్ సల్ఫైడు వెలిగేది. రేడియం అర్ధాయువు, అంటే సగం తగ్గడానికి పట్టే కాలం, 1,600 ఏళ్లు. కొన్ని దశాబ్దాలకే జింక్ సల్ఫైడు దెబ్బతిని వెలుగు ఆగిపోయినా, రేడియం మాత్రం దాదాపు అంతా అలాగే ఉండి కిరణాలు వెలువరిస్తూనే ఉంటుంది. మూత బిగించి ఉన్నంతవరకు ముప్పు తక్కువ. మూత తీసి ముళ్ల మీది పెళుసు పెయింటును గీకితే ఆ పొడి ఊపిరిలోకి, నోట్లోకి చేరుతుంది, అసలు ప్రమాదం అక్కడుంది. తరువాతి కాలంలో వచ్చిన ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే కాబట్టి 1980లో వేసిన దానిలో నేటికి పదో వంతు కూడా మిగలదు. డయల్ అడుగున టీ అన్న ఆంగ్ల అక్షరం దాని గుర్తు. 1990ల నుంచి వాడుతున్న స్ట్రాన్షియం అల్యూమినేటు వెలుతురును పట్టి వదిలే పదార్థమే తప్ప రేడియోధార్మికత లేనిది. పాత డయల్ మీది ముళ్లు కొత్తగా వెలుగుతున్నాయంటే వాటికి ఎవరో కొత్త పెయింటు వేశారని అర్థం.

ఆ పెయింటు దగ్గరే మరో చిక్కు మొదలవుతుంది. పాత గడియారాలకు గిరాకీ పెరిగినకొద్దీ, పాడైన డయల్‌ను గీకి మళ్లీ అచ్చు వేసి, మూడు నాలుగు గడియారాల భాగాలను కలిపి ఒకటి చేసి, అసలుదిగా అమ్మే వ్యాపారం దేశంలో విస్తరించింది. భూతద్దం కింద పెట్టి చూస్తే నిజమైన స్విస్ అచ్చు అక్షరాల అంచులు చిన్నసైజులో కూడా పదునుగా ఉంటాయి, నిమిషాల గీతలు ఒకే మందంలో ఒకే దూరంలో ఉంటాయి. మళ్లీ వేసిన డయల్ మీద అక్షరాలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, స్విస్ మేడ్ అన్న అడుగు మాట తరచుగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రంగుల్లో కూడా తేడా తెలుస్తుంది. 1970ల రాడోలు ఆకుపచ్చ, ఎరుపు, నీలం డయల్స్‌తో వచ్చినా, కొత్తగా వేసిన రంగులో లోపలి గీతల మెరుపు ఉండదు. పాత డయల్ మీద సన్నని మచ్చలు, అంచున కొద్దిపాటి రంగు మార్పు ఉండటం లోపమని అనుకోకూడదు, అవి నిజాయితీకి గుర్తులు.

నీరు, చెమట విషయంలో కొత్త గడియారానికే పూర్తి మొగ్గు. మూతను, కీ పుల్లను, అద్దాన్ని బిగించే రబ్బరు వాషర్లు ఏ గడియారంలోనైనా కొన్నేళ్లకే గట్టిపడి పగులుతాయి, పాతదానిలో మొదటి వాషరే ఇంకా ఉంటే అది వాషరు ఉన్నట్టే కాదు. గల్ఫ్‌లో సముద్రపు ఉప్పుగాలికి, చెమటకు ఎన్నేళ్లు గురైన గడియారమో దాని వెనుక మూత లోపలి అంచున పడిన తుప్పు గుంతలు చెబుతాయి. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పనిచేసే చోట ఎగిరే సన్నని నూలు, పాలియస్టరు ధూళి కీ పుల్ల సందు గుండా లోపలికి దూరి నూనెను పీల్చేస్తుంది. కొత్త వాషర్లు వేసిన పాత గడియారాన్ని చేయి కడుక్కునేటప్పుడు ఉంచుకోవచ్చు గాని, చెరువులో దిగేటప్పుడు తీసేయాలి. 30 మీటర్లు అని రాసి ఉన్నా అది ప్రయోగశాలలోని నిశ్చలమైన ఒత్తిడి లెక్క, ఈత కొట్టే చేతికి సంబంధించినది కాదు.

పాతవాటిలో సెల్లు గడియారాల గురించి వేరుగా చెప్పవలసి ఉంది. 1969 డిసెంబరు 25న సీకో ఆస్ట్రాన్‌తో మొదలైన క్వార్ట్జ్ గడియారాల్లో ఇప్పుడు ప్రమాణంగా స్థిరపడినది సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క; ఆ కంపనాన్ని పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒకటి వస్తుంది. ఖచ్చితత్వంలో చౌక సెల్లు గడియారం కూడా ఖరీదైన ఆటోమేటిక్‌ను ఓడిస్తుంది. అయితే 1980ల నుంచి గల్ఫ్ నుంచి వచ్చిన సెల్లు రాడోల్లో సర్క్యూటు ఒకసారి చెడితే, లేదా మరిచిపోయిన సెల్లు కారి రాగి తీగలను తినేస్తే, దానికి తగిన మరొక సర్క్యూటు దొరకడం దుర్లభం. పళ్ల చక్రాన్ని మనిషి చేత్తో చేయగలడు, సర్క్యూటును చేయలేడు. జ్ఞాపకంగా దాచుకోవడానికి అభ్యంతరం లేదు గాని, డబ్బు పెట్టి కొనేవారు పాత సెల్లు రాడోను వదిలిపెట్టడమే ఉత్తమం.

వీటన్నిటినీ బట్టి తేలేది ఏమిటంటే, ఇంట్లో తండ్రి కట్టుకున్న ఆటోమేటిక్ డయాస్టార్ ఉన్నవారికి కొత్తది కొనవలసిన అవసరం చాలా తక్కువ. దాని చరిత్ర తెలుసు, డయల్ మార్చలేదని తెలుసు, కప్పు మరో యాభై ఏళ్లకు కూడా అరగదు. చెడినవి నూనె, వాషర్లు, బహుశా మెయిన్ స్ప్రింగు మాత్రమే, అవి మార్చదగినవి. బజారులో ముక్కూమొహం తెలియని పాత డయాస్టార్ కొనడం మాత్రం వేరే సంగతి. మూత తీసి చూపని చోట, యంత్రపు ఊపును కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపని చోట ఎంత చౌకైనా కొనకూడదు. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో బ్యాలెన్స్ చక్రం ఒక్కో వైపుకు 270 డిగ్రీలకు దగ్గరగా తిరుగుతుంది, 200కు దిగువన ఉంటే మరమ్మతు ఖర్చును ధరకు కలుపుకోవాలి. రోజూ దుమ్ములో, చెమటలో, ఫోన్ల మధ్య తిరుగుతూ గడియారం గురించి ఆలోచించడానికి తీరిక లేనివారికి కొత్తదే సరైనది. భారతదేశానికి, స్విట్జర్లాండుతో సహా నాలుగు దేశాల ఎఫ్టా కూటమికి మధ్య 2024 మార్చిలో కుదిరి 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం స్విస్ గడియారాల మీది దిగుమతి సుంకం అంచెలంచెలుగా తగ్గుతున్నందున, దుబాయిలో కొనడానికీ హైదరాబాదులో కొనడానికీ మధ్య ఉన్న వ్యత్యాసం కూడా తగ్గే వీలుంది. ఎక్కడ కొన్నా తేదీ వేసిన వారంటీ కార్డును, బిల్లును గడియారంతో పాటే భద్రపరచాలి, ప్రతి సర్వీసింగ్ తేదీని, మార్చిన భాగాలను అదే కవరులో రాసి పెట్టాలి. గల్ఫ్ నుంచి వచ్చిన చాలా గడియారాలకు లేనిది ఆ కాగితమే.